ఏళ్ల తరబడి సాగే సీరియల్ మొదలుపెడుతున్నారా? ముందు మీకేది పడదో తేల్చుకోండి

"ఏదైనా పెద్ద సీరియల్ మొదలుపెడదామనుకుంటున్నాను, ఏది బాగుంటుంది?" అని అడిగేవాళ్లు తమకు నచ్చేవాటి చిట్టా పట్టుకొస్తారు. కుటుంబ కథ కావాలి, హీరోయిన్ గట్టిది కావాలి, విలన్ ఒళ్లు మండించాలి. ఇవి లేని సీరియల్ ఎక్కడుంది? ఏళ్లు నిలబడిన ప్రతి సీరియల్‌లోనూ ఇవన్నీ ఉంటాయి, ఉన్నాయి కాబట్టే నిలబడింది. తేడా అంతా చిరాకులో ఉంటుంది. ఒక్కో సీరియల్ ఒక్కో రకంగా విసిగిస్తుంది. అందుకే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: నీకు అస్సలు పడనిది ఏంటి?

ఈ జాగ్రత్త ఎందుకంటే, ఇది రెండున్నర గంటల సినిమా కాదు. స్టార్ మాలో 2017 అక్టోబరు 16న మొదలైన 'కార్తీక దీపం' 2023 జనవరి 23న ముగిసింది. 1,569 ఎపిసోడ్లు. ప్రకటనలు పోగా ఎపిసోడ్‌కి 20 నిమిషాలు వేసుకున్నా 523 గంటలు. రోజుకి రెండు గంటల చొప్పున ఏకబిగిన చూసినా దాదాపు తొమ్మిది నెలలు. ఈటీవీ 'అభిషేకం' 4,000 ఎపిసోడ్ల దాకా వెళ్లింది. బ్రిటన్‌లో 1960 డిసెంబరు 9న మొదలైన 'కోరోనేషన్ స్ట్రీట్' 2020 ఫిబ్రవరిలోనే పదివేల ఎపిసోడ్ దాటేసి, ఇంకా నడుస్తోంది. ఇంత కాలం ఖర్చుపెట్టేముందు ఆలోచించుకోవడంలో తప్పులేదు.

పోలికకి నేను మూడు వైపుల నుంచి తీసుకుంటాను. మన తెలుగు డైలీ సీరియల్. అమెరికాలో పగటిపూట వచ్చే సోప్ (అక్కడ సీరియల్‌ని అలా పిలుస్తారు), అంటే 1963 నుంచి నడుస్తున్న 'జనరల్ హాస్పిటల్', 1965లో మొదలై 2022లో టీవీ వదిలి స్ట్రీమింగ్‌కి మారిన 'డేస్ ఆఫ్ అవర్ లైవ్స్' వంటివి. మూడోది బ్రిటన్ సోప్: 'కోరోనేషన్ స్ట్రీట్', 1985లో బీబీసీ మొదలుపెట్టిన 'ఈస్ట్ఎండర్స్'. అసలు సోప్ అన్న పేరే సబ్బుల కంపెనీల నుంచి వచ్చింది. ఇవి మొదట రేడియో నాటకాలుగా వచ్చేవి, వాటికి డబ్బు పెట్టింది వాళ్లే, వినే ఇల్లాళ్లు తమ సబ్బు కొంటారని. మన సీరియల్ మధ్యలో సర్ఫ్ ప్రకటన వచ్చినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

అదే ముఖం, ఏళ్ల తరబడి

అభిమానులు దేన్ని ఎక్కువ ఇష్టపడతారంటే కథని అనుకుంటాం. కాదు, మనిషిని. రోజూ మన ఇంట్లోకి వచ్చి కూర్చునే ముఖం. ఈ విషయంలో 'కోరోనేషన్ స్ట్రీట్'ని కొట్టేది లేదు. మొట్టమొదటి ఎపిసోడ్‌లో కాలేజీ కుర్రాడిగా కనిపించిన కెన్ బార్లోని విలియం రోచ్ వేశాడు. అరవై ఏళ్లు దాటినా కెన్ బార్లో అంటే ఆయనే. పెళ్లిళ్లు, పిల్లలు, తగాదాలు, నెరిసిన జుట్టు, అన్నీ తెర మీదే జరిగిపోయాయి. ముప్పై ఏళ్ల కిందటి మాట ఒకటి ఆయన నోట వస్తే అది ఫ్లాష్‌బ్యాక్ కాదు, నిజంగా జ్ఞాపకమే.

అమెరికాలోనూ అలాంటివాళ్లున్నారు. 'ది యంగ్ అండ్ ది రెస్ట్‌లెస్'లో విక్టర్ న్యూమన్‌గా ఎరిక్ బ్రెయిడెన్ 1980లో కొన్ని వారాల పాత్ర కోసం వచ్చి, ఇక వెళ్లలేదు. అదే సీరియల్‌లో జీన్ కూపర్ అనే నటి 1984లో నిజంగా ముఖానికి సర్జరీ చేయించుకుంటే, ఆ ఆపరేషన్‌ని తన పాత్రకే జరిగినట్టు కథలో కలిపేశారు. నటికీ పాత్రకీ మధ్య గీత అంతలా చెరిగిపోతుంది.

దీనికి పూర్తిగా తిరగబడ్డ సంగతి, నటుడి మార్పు. నిన్నటిదాకా ఒకడు, ఇవాళ్టి నుంచి ఇంకొకడు, ఇంట్లోవాళ్లెవరికీ తేడా తెలియదు. మన దగ్గర ఇది జరిగినప్పుడు తెర కింద ఒక లైను వేసి ముందుకెళ్లిపోతారు. నాకు అదే నయమనిపిస్తుంది, ఎందుకంటే 'డేస్ ఆఫ్ అవర్ లైవ్స్' చేసినంత పని మనవాళ్లు చేయలేదు. అక్కడ రోమన్ బ్రేడీ అనే పోలీసు పాత్ర చనిపోయింది. 1986లో కట్లతో, గతం మర్చిపోయిన మనిషొకడు వచ్చాడు. ఇతనే రోమన్, ప్లాస్టిక్ సర్జరీ వల్ల ముఖం మారిందన్నారు. జనం నమ్మారు, ఇష్టపడ్డారు. 1991లో పాత నటుడు తిరిగి రావడానికి ఒప్పుకునేసరికి, అసలు రోమన్ ఇతనే, ఇన్నేళ్లూ మీరు చూసింది ఇంకెవరినో అన్నారు. ఆ 'ఇంకెవరో' జాన్ బ్లాక్ అనే పేరుతో అక్కడే ఉండిపోయి, సీరియల్‌కే పెద్ద హీరో అయ్యాడు. దీన్ని చెప్పుకుని మురిసిపోయే అభిమానులున్నారు, ఇక్కడే టీవీ కట్టేసినవాళ్లూ ఉన్నారు. మీరు ఏ రకమో మీకే తెలియాలి. ముఖం మారితే మనసు విరిగిపోయే రకమైతే మాత్రం బ్రిటన్ సీరియలే మీకు దారి. అక్కడా మారుస్తారు, ముఖ్యంగా పిల్లల పాత్రల్ని, కానీ మూలస్తంభాల్ని ముట్టుకోవడం తక్కువ.

చచ్చినవాళ్లు తిరిగి రావడం

సీరియల్ చూసేవాళ్లలో ఒక సామెత లాంటి మాట ఉంది: శవం చూపించకపోతే చావలేదని అర్థం. 'కార్తీక దీపం'లో 2022 మార్చిలో కారు లోయలో పడింది. హీరోయిన్ దీప, ఆమె భర్త డాక్టర్ కార్తీక్ ఇద్దరూ పోయారన్నారు. పిల్లలు సౌర్య, హిమ ఒక్కసారిగా పెద్దవాళ్లైపోయారు, కథ వాళ్లదైంది. వాళ్లిద్దరూ, అంటే అందరూ పిలిచే వంటలక్క, డాక్టర్ బాబు, లేని 'కార్తీక దీపం' జనానికి ఎక్కలేదు. కొన్ని నెలలకే దీప కోమా నుంచి లేచింది. కార్తీక్ కూడా బతికే ఉన్నాడు, గతం మర్చిపోయి, అదీ విలన్ మోనిత పంచన. ఆ రోజుల్లో మా ఇంట్లో సంతోషం, నవ్వు రెండూ కలిసే వచ్చాయి. వచ్చారన్న సంతోషం, వచ్చిన తీరుకి నవ్వు.

బ్రిటన్‌లో ఈ తంతు లేదనుకోకండి. 'ఈస్ట్ఎండర్స్'లో డెన్ వాట్స్ అనే పబ్ యజమానిని 1989లో కాలువ గట్టున కాల్చేశారు. పద్నాలుగేళ్ల తర్వాత, 2003లో, కూతురి ఎదుటికి నడుచుకుంటూ వచ్చాడు. ఆ రాక అద్భుతం. ఆ తర్వాత అతనితో ఏం చేయాలో రాసేవాళ్లకి తోచక 2005లో మళ్లీ చంపేశారు. తిరిగి రప్పించడం తేలిక, తిరిగొచ్చినవాడికి పని చూపించడమే కష్టం అని నాకు అప్పుడు అర్థమైంది.

ఇక ఈ విద్యలో గురువు 'డేస్ ఆఫ్ అవర్ లైవ్స్'. 2003-04లో ఎవరో హంతకుడు ఊళ్లో పాత కాపుల్ని వరసగా చంపుతూ పోయాడు. అందరికీ అమ్మమ్మ లాంటి ఆలిస్ హోర్టన్‌ని ఆమె చేత్తో చేసిన డోనట్లే గొంతులో కుక్కి చంపడం చూసి అభిమానులు భగ్గుమన్నారు. హంతకురాలు డాక్టర్ మార్లీనా అన్నారు. ఆ తర్వాత చూస్తే పోయినవాళ్లంతా ఒక దీవిలో క్షేమంగా ఉన్నారు. దీవి పేరు మెలాస్వెన్. ఇంగ్లిషు అక్షరాల్ని వెనక నుంచి చదివితే 'న్యూ సేలమ్', అంటే కొత్త సేలమ్. సేలమ్ వాళ్ల ఊరి పేరే. చెవిలో పువ్వు కాదు, పూలతోటే. కానీ ఆ తెగింపు చూస్తే ఒక రకమైన గౌరవం కలుగుతుంది. ఇదే సీరియల్ 1994-95లో ఆ మార్లీనాకే దెయ్యం పట్టించి, మంచం మీద నుంచి గాల్లోకి లేపింది. పగటిపూట ఇల్లాళ్లు చూసే సీరియల్‌లో.

కాబట్టి మీకు తర్కం ముఖ్యమైతే 'డేస్' జోలికి పోవద్దు, వారం తిరక్కుండా తిట్టుకుంటూ లేస్తారు. నలుగురు కలిసి కూర్చుని, "ఇదేం చోద్యమే" అనుకుంటూ నవ్వుకునే అలవాటుంటే దానంత వినోదం ఇంకెక్కడా దొరకదు.

దాచిన నిజం, లాగిన నిజం

అసలు పోరంతా ఇక్కడుంది. ప్రతి సీరియల్ ఒక రహస్యం మీద బతుకుతుంది. మనకి తెలుసు, విలన్‌కి తెలుసు, హీరోకి మాత్రం తెలియదు. అభిమానులు ఎక్కువ ప్రేమించేదీ, ఎక్కువ తిట్టేదీ ఈ ఒక్కదాన్నే. బాగా నడిచినన్నాళ్లు మర్నాటి ఎపిసోడ్ దాకా నిద్రపట్టదు. గీత దాటిందా, జీడిపాకం అంటారు.

డాక్టర్ బాబు సంగతే చూడండి. మోనిత ఆడిన నాటకం వల్ల తనకి పిల్లలు పుట్టరని నమ్మాడు. భార్య గర్భవతి అయ్యేసరికి అనుమానించాడు. అక్కడి నుంచి ఏళ్ల తరబడి ఎడబాటు. అతను గుమాస్తా కాదు, డాక్టర్. ఒక్క డీఎన్‌ఏ పరీక్షతో తేలిపోయే దానికి కొన్ని వందల ఎపిసోడ్లు. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడమంటే ఇదే. మా అమ్మ ఆ పరీక్ష పేరు నేర్చుకున్నదే ఈ సీరియల్ పుణ్యమా అని. "ఆ డీఎన్‌ఏ ఏదో చేయించి చావరా" అని టీవీ వైపు చూసి రోజూ అనేది, రోజూ చూసేది. అనడానికే చూసేదేమో అని ఇప్పుడు నాకు అనుమానం.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. రహస్యం మూర్ఖంగా ఉన్నా, దాన్ని మోసిన మనుషులు నిజంగా ఉన్నారు. కోడలు నల్లగా ఉందని ఈసడించిన సౌందర్య, తర్వాత ఆ కోడలి పక్షాన కొడుకునే నిలదీసే అత్తగా మారింది. ఆ మార్పుకి అన్ని ఎపిసోడ్లూ అవసరమే. రెండు గంటల సినిమాలో అది నమ్మబుద్ధి కాదు. అయితే నలుపు గురించి ఇంత కథ చెప్పి, ఆ పాత్రకి నటి ముఖానికి నల్లరంగు పూయడం ఏంటన్న విమర్శకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. విమర్శ సరైనదే.

దీని పక్కన 'ఈస్ట్ఎండర్స్' పెట్టి చూడండి. 1986లో డెన్ తనని వదిలేస్తాడని భయపడి భార్య ఆంజీ, తనకి ఆరు నెలలే ఆయుష్షుందని అబద్ధం చెప్పింది. నాటకం కొన్ని వారాలే నిలిచింది. విషయం తెలిశాక డెన్ అరవలేదు, చెంప మీద కొట్టలేదు. క్రిస్మస్ రోజు దాకా ఆగి, పండగ కానుక ఇచ్చినట్టు విడాకుల కాగితాలు చేతిలో పెట్టాడు. మళ్లీ ప్రసారంతో కలుపుకొని మూడు కోట్లమందికి పైగా చూశారు. ఒక అబద్ధం, ఒక పేలుడు, అయిపోయింది. లాగదల్చుకుంటే లాగడం వాళ్లకీ వచ్చు: 2014 ఏప్రిల్‌లో లూసీ బీల్ అనే అమ్మాయి హత్య జరిగితే, చేసింది ఆమె చిన్న తమ్ముడని 2015 ఫిబ్రవరిలో బయటపెట్టారు. పది నెలలు. కానీ ఆ పది నెలలూ ప్రేక్షకుడికి కూడా తెలియదు. అదే తేడా. తెలియని రహస్యం కోసం ఎదురు చూస్తాం, తెలిసిన రహస్యం కోసం ఉడికిపోతాం. మీకు ఉడికిపోవడమే ఇష్టమైతే, చాలామందికి ఇష్టమే, తెలుగు సీరియల్‌కి సాటి లేదు. ఉత్కంఠ కావాలనుకుంటే బ్రిటన్ వైపు వెళ్లండి.

జంటలు, విలన్లు

జంట కోసమే చూసేవాళ్లకి అందరూ ముందు 'జనరల్ హాస్పిటల్' పేరు చెబుతారు. 1981 నవంబరులో లూక్, లారాల పెళ్లిని అమెరికాలో దాదాపు మూడు కోట్లమంది చూశారు. ఎలిజబెత్ టేలర్ అంతటి తార అతిథిగా వచ్చింది. కానీ ఆ ప్రేమకథ 1979లో లూక్ లారాపై చేసిన అత్యాచారంతో మొదలైందన్న సంగతి చెప్పకుండా ఈ సీరియల్‌ని ఎవరికీ సిఫారసు చేయకూడదు. దాన్ని అప్పట్లో ప్రేమలా మలిచారు. 1998లో మళ్లీ కథలోకి తెచ్చి, అది నేరమే అన్నట్టు మాట్లాడించారు, అయినా ఆ మరక పోలేదు. ఆ జంటని ప్రాణంగా చూసుకునే అభిమానులూ, ఆ ఒక్క కారణంతో మొహం తిప్పుకునేవాళ్లూ ఇప్పటికీ ఉన్నారు. నేను రెండో వైపు.

నన్నడిగితే జంట అంటే 'కోరోనేషన్ స్ట్రీట్'లో రాయ్, హేలీ. రాయ్ చిన్న కెఫే నడిపే మొహమాటస్తుడు. హేలీ 1998లో వచ్చింది, బ్రిటన్ సోపుల్లో నిలకడగా కనిపించిన మొదటి ట్రాన్స్‌జెండర్ పాత్ర. అందగాళ్లు కారు, గాలికి ఎగిరే పవిటలు లేవు, స్లో మోషన్ లేదు. పదహారేళ్లు మనుషుల్లా బతికారు. 2014 జనవరిలో క్యాన్సర్‌తో ఉన్న హేలీ తన చావుని తనే ఎంచుకుంది. ఆమె తిరిగి రాదు. రాదని తెలియడం వల్లే ఆ ఎపిసోడ్ మనసులో ఉండిపోతుంది. పైన చెప్పిన దీవిలో బతికున్నవాళ్ల కథతో దీన్ని పోల్చుకోండి, మీకు ఏది కావాలో అక్కడే తేలిపోతుంది.

విలన్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పోగాలం ఎప్పుడొస్తుందన్నదే ప్రశ్న. 'కోరోనేషన్ స్ట్రీట్'లో రిచర్డ్ హిల్మన్ 2001లో వచ్చి, హత్యలు చేసి, 2003లో భార్యాపిల్లల్ని కారులో కట్టేసి కాలువలోకి దూకించి తను చచ్చాడు. రెండేళ్లలో లెక్క సరి. 'డేస్'లో స్టెఫానో డిమేరా 1982 నుంచి ఎన్నిసార్లు చచ్చి లేచాడో లెక్కపెట్టడం అభిమానులకి ఒక ఆట. అతని ముద్దుపేరే ఫీనిక్స్. మోనిత ఈ ఇద్దరి మధ్యలో ఉంటుంది. ఒక దశలో దీప కంటే ఆవిడ కోసమే చూశానని ఒప్పుకుంటాను.

మరి ఏది పెట్టుకోవాలి?

ముగింపు కావాలనుకునేవాళ్లు ఆగిపోయిన సీరియలే చూడాలి. తెలుగులోనైతే 'కార్తీక దీపం' మొదటిది, లేదా జెమినిలో 2008 నుంచి 2013 దాకా వచ్చిన మంజులా నాయుడు సీరియల్ 'మొగలిరేకులు'. రెండోదానిలో సాగదీత లేదని అనను గానీ, మాటలు మనుషులు మాట్లాడుకున్నట్టు ఉంటాయి. ముఖాల మీద మూడేసి సార్లు కెమెరా దూకడం, ప్రతి చూపుకీ ఉరుము మోగడం మీకు పడకపోతే దీనితోనే మొదలుపెట్టండి. 2024 మార్చిలో వచ్చిన రెండో 'కార్తీక దీపం' పాతదానికి కొనసాగింపు అనుకుని దిగకండి. ముఖాలు అవే, కథ వేరు.

నడుస్తున్నదే కావాలి, పది మందితో రోజూ మాట్లాడుకోవాలి అంటే బ్రిటన్ రెండింట్లో ఒకటి. వాటిని మొదటి ఎపిసోడ్ నుంచి చూడాలన్న పట్టుదల వద్దు, ఈ జన్మకి అవదు. ఇవాళ్టి ఎపిసోడ్‌తో మొదలుపెట్టి రెండు వారాలు ఓపికపట్టండి, ఎవరు ఎవరికి ఏమవుతారో అదే తెలుస్తుంది. కొత్తగా ఆ వీధిలోకి అద్దెకి దిగినట్టు. రెండింట్లో ఏదంటే, నవ్వు కావాలంటే 'కోరోనేషన్ స్ట్రీట్', పండగ పూట కూడా ఏడుపే నయమనుకుంటే 'ఈస్ట్ఎండర్స్'.

అమెరికా సోపుల్లో చాలావాటికి సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకో గంట నిడివి. శుక్రవారం కథని అంచు మీద నిలబెట్టి వదిలేస్తారు. ఉద్యోగం చేసుకునేవాళ్లు ఆ వేగాన్ని అందుకోవడం కష్టం. నేను రెండుసార్లు ప్రయత్నించి వదిలేశాను. పైగా అవి శాశ్వతం కాదని కూడా తెలుసుకోండి. 1937లో రేడియోలో పుట్టి 1952లో టీవీకెక్కిన 'గైడింగ్ లైట్' 72 ఏళ్ల తర్వాత 2009 సెప్టెంబరులో ఆగిపోయింది. మూడు తరాలు చూసిన సీరియల్ అది.

ఇక ఎవరూ చెప్పని సలహా ఒకటుంది: ఎక్కడ ఆపాలో ముందే అనుకోండి. 'కార్తీక దీపం' చూస్తే 2022 మార్చి ప్రమాదం దగ్గర ఆపేయండి. అపార్థం తీరింది, అత్త మారింది, పిల్లలు తండ్రి దగ్గరికి చేరారు. అక్కడి నుంచి మిగిలినదంతా వేరే సీరియల్. మా అమ్మకి ఇదే చెప్పాను. "ఆపితే ఆవిడ ఏమైందో ఎవరు చూస్తారు?" అంది. ఆవిడ అంటే దీప కాదు, మోనిత.